రైలు కట్ట కింది పాత నీటి పైపు: తవ్వకుండా బాగుచేయాలంటే ముందు ఏం చూడాలి

మీరు అడిగింది ఇదీ: 300 మిల్లీమీటర్ల సీఐ (పోత ఇనుము) పైపు, వేసి అరవై ఏళ్లు దాటింది. రెండు చాంబర్ల మధ్య 140 మీటర్ల పొడవు. కొంత దూరం రైలు కట్ట కింద, ఆ పక్కనే కాలువ అడుగున పోతోంది. కాలువ వైపు ఎక్కడో 45 డిగ్రీల బెండు ఉంది. లైన్లో 6 కేజీల (చదరపు సెంటీమీటరుకు) ప్రెజర్. రెండేళ్లలో మూడు లీకులు. పట్టాల కింద తవ్వకానికి అనుమతి రాదు. ఒక కాంట్రాక్టరు రెసిన్ లైనర్ వేద్దామంటున్నారు, ఇంకొకరు లోపలికి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు లాగుదామంటున్నారు. ఏది మంచిది, లోపల ఇంకో పైపు పెడితే నీళ్లు తగ్గిపోవా అని మీ సందేహం.

ముప్పై ఏళ్లుగా నీటి లైన్ల మీదే పనిచేస్తున్నాను. రెండింట్లో ఏదన్నది ఇప్పుడే తేల్చుకోవద్దని చెబుతాను. ఆ పైపు గోడలో ఇంకా ఇనుము మిగిలి ఉందా, ఆ బెండు సరిగ్గా ఎక్కడుంది, ఈ రెండూ తెలియకుండా ఎవరు ఏ పద్ధతి చెప్పినా అది వాళ్ల దగ్గరున్న యంత్రాన్ని బట్టి చెప్పే మాటే అవుతుంది. ఇవి తెలిశాక మీరే తేల్చుకోగలరు.

ముందు గోడ సంగతి. సీఐ పైపు తుప్పు పట్టే తీరు ఉక్కు పైపులా ఉండదు. నేలలో ఇనుము కరిగి బయటికి పోతుంది, దానిలో ఉన్న గ్రాఫైట్ మాత్రం పైపు ఆకారంలోనే మిగిలిపోతుంది. పైకి చూస్తే పైపు చెక్కుచెదరనట్టే ఉంటుంది. కెమెరా లోపలికి పంపినా ఈ సంగతి తెలియదు, కెమెరాకు కనిపించేది తుప్పు బుడిపెలే. మొదట్లో ఒక లైను దగ్గర లీకు బాగుచేసేటప్పుడు కోసి తీసిన అరచేతంత ముక్కను మా మేస్త్రీ నా చేతికిచ్చి, చాకుతో గీకి చూడమన్నాడు. పెన్సిల్ చెక్కినట్టు నల్లటి పొడి రాలింది. చాకు మొన 7 మిల్లీమీటర్ల లోతుకు దిగాక గట్టి ఇనుము తగిలింది. మొత్తం గోడ మందం 12. సుత్తితో కొడితే మోగలేదు, మట్టి కుండ పగిలినట్టు దబ్బుమంది. అంతవరకూ ఆ లైనుకు పలచటి పూత చాలని మేమంతా అనుకుంటున్నాం. ఆ ముక్క చూశాక ఆ ఆలోచన వదిలేశాం.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని: రెండు చాంబర్ల దగ్గర, పాత లీకులు బాగుచేసిన చోట్ల పైపు ముక్క కోయించండి. ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి మెత్తటి నలుపంతా పోయాక మిగిలిన మందం కొలిపించండి. ఒక్క చోటు చాలదు, పైపు అడుగున ఒకలా, పక్కన ఒకలా తింటుంది. పట్టాల కిందకు మనం చేరలేం కాబట్టి అక్కడ లోపలి నుంచి విద్యుదయస్కాంత పరికరంతో మందం చూసే పద్ధతి ఉంది. అయితే ముందు లోపల శుభ్రం చేయాలి. లీకులు వినడానికి నీళ్లు పారుతుండగానే తాడుతో లోపలికి పంపే శబ్ద పరికరాలూ ఉన్నాయి.

ఆ మూడు లీకులూ ఎలాంటివో కూడా పాత రికార్డుల్లో వెతకండి. గోడకు చిల్లు పడితే ఒక కథ. సీసం పోసిన జాయింటు దగ్గర కారితే ఇంకో కథ, రైలు కట్ట కింద రోజూ వచ్చే అదురుకు సీసం జాయింట్లు వదులవడం మామూలే. పైపు అడ్డంగా విరిగితే మాత్రం నేల కుంగుతోందేమోనని అనుమానించాలి. జాయింట్లు మాత్రమే కారుతూ గోడ గట్టిగా ఉంటే మీకు చాలా దారులున్నాయి. గోడే పోయి ఉంటే లోపల పెట్టేది పాత పైపు మీద ఆధారపడకుండా తనంతట తాను నిలవాలి. అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ వారి ఎం28 మాన్యువల్ లైనింగులను నాలుగు తరగతులుగా చెబుతుంది. 1వ తరగతి నీళ్లకూ ఇనుముకూ మధ్య పూత మాత్రమే, సిమెంట్ మోర్టార్, పలచటి ఎపాక్సీ లాంటివి. 2, 3 తరగతులవి పాత పైపు చిల్లులమీద, జాయింటు సందులమీద ప్రెజర్‌ను మోస్తాయి, మిగతా బరువు పాత పైపుదే. 4వ తరగతిది పాత పైపు రేపు పూర్తిగా కూలినా లోపలి ప్రెజర్‌నూ పై మట్టి బరువునూ రెండింటినీ మోయాలి. మీ ఇద్దరు కాంట్రాక్టర్లనూ మొదటగా అడగాల్సిన ప్రశ్న ఇదే: మీరు వేసేది ఏ తరగతి, దాని లెక్క కాగితం మీద చూపించగలరా?

రెసిన్ లైనర్ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్పాలి. గుడ్డకు రెసిన్ పట్టించి లోపల గట్టిపరిచే ఈ పద్ధతిని ఎరిక్ వుడ్ 1971లో లండన్‌లోని మురుగు కాలువలో మొదట వాడారు. పుట్టిందే మురుగు కోసం. మురుగు లైన్లో నీళ్లు సగానికి పారుతుంటాయి, లోపలి ప్రెజర్ ఉండదు, లైనర్ పని బయటి నేలనీటిని ఆపడం. మీ లైన్లో 6 కేజీల ప్రెజర్ లోపలి నుంచి రోజంతా సాగదీస్తుంది, పంపు ఆగినప్పుడు సర్జ్ (ప్రెజర్ ఒక్కసారిగా లేవడం) వస్తుంది. మురుగులో వంద లైన్లు బాగుచేసిన జట్టుకు కూడా ఇది కొత్త పనే. గ్లాస్ ఫైబర్ పొర ఉన్న ప్రెజర్ లైనర్ వేరు, మురుగుకు వాడే మామూలు ఫెల్ట్ (ఒత్తిన పీచు గుడ్డ) వేరు. రెసిన్ కూడా తాగునీటికి సరిపడేది కావాలి. స్టైరీన్ ఉన్న పాలియెస్టర్ రెసిన్లు మురుగులో చలామణీ అవుతాయి, తాగునీటి లైన్లో నేను ఒప్పుకోను. లైనర్‌కూ రెసిన్‌కూ కలిపి ఎన్‌ఎస్‌ఎఫ్ 61 లాంటి తాగునీటి ధ్రువీకరణ అడగండి. విడివిడిగా ఉన్న కాగితాలు చాలవు, గట్టిపడ్డాక వచ్చే పదార్థానికి ఉండాలి.

మీ లైను కాలువ అడుగున దిగి మళ్లీ పైకి లేస్తుంది. రెసిన్ లైనర్‌కు అక్కడే కష్టం. పాత చిల్లులోంచి నేలనీరు ఊరుతూ అడుగున నిలిస్తే లైనర్‌కూ పైపుకూ మధ్య ఆ నీళ్లు చిక్కుకుంటాయి. వేడినీళ్లతో గట్టిపరుస్తున్నా అక్కడ వేడంతా ఆ చల్లటి నీళ్లే లాగేసుకుంటాయి. ఆవిరితో చేస్తే ఆవిరి చల్లారి పల్లంలో నీరై కూర్చుంటుంది, ఆ అడుగు భాగం మెత్తగా మిగిలిపోతుంది. పై చాంబర్లో థర్మామీటర్ సరైన వేడి చూపిస్తున్నా, పల్లంలో లైనర్ గోరుతో నొక్కితే దిగేలా ఉండొచ్చు. ఉష్ణోగ్రత కొలిచే తీగలు ఆ పల్లంలో పెట్టగలరో లేదో, ఊట ఆపడానికి ముందుగా పలచటి పొర వేస్తారో లేదో అడగండి. సమాధానం తడబడితే అక్కడితో ఆ పద్ధతి పక్కన పెట్టేయండి.

ఇక హెచ్‌డీపీఈ పైపు లాగడం. ఇది ఈ పద్ధతులన్నిటికంటే పాతది, సరళమైనది. పైపు నాణ్యత ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది, మన చేతిలో ఉండేది జాయింట్ల ఫ్యూజన్ (వేడితో కరిగించి అతకడం), లాగడం, చివర్లు. మీ 300 పైపు శుభ్రమయ్యాక 250 బయటి వ్యాసమున్న పీఈ 100 (హెచ్‌డీపీఈలో ఒక రకం), ఎస్‌డీఆర్ 17 (గోడ మందానికి బయటి వ్యాసం 17 రెట్లు) పైపు పడుతుంది. దాని గోడ 14.8 మిల్లీమీటర్లు, 10 కేజీల రేటింగ్. 6 కేజీల లైనుకు సర్జ్ కలుపుకున్నా మామూలుగా సరిపోతుంది, అయినా మీ పంపు ఆగినప్పుడు ఎంత లేస్తుందో లెక్క వేయించుకోండి.

నీళ్లు తగ్గవా అన్నారు. ఈ భయం దాదాపు అందరికీ ఉంటుంది, అందుకే లెక్క చూపిస్తాను. పైపులో ప్రవాహం లెక్కగట్టే హేజన్-విలియమ్స్ సూత్రంలో, పొడవు వెంట ప్రెజర్ తగ్గే వాలు ఒకటే అయితే, ప్రవాహం సీ విలువకూ (పైపు లోపలి నునుపు ఎంతో చెప్పే అంకె), వ్యాసం 2.63 ఘాతానికీ అనులోమంగా ఉంటుంది. తుప్పు బుడిపెలు కట్టిన పాత సీఐకి సీ విలువ 60 దగ్గర ఉంటుందనుకుందాం, బాగా పాడైతే ఇంకా తక్కువే. హెచ్‌డీపీఈకి 150. మీ కొత్త పైపు లోపలి వ్యాసం సుమారు 220. వ్యాసం తగ్గడం వల్ల ప్రవాహం 0.44 వంతుకు పడుతుంది. నునుపు వల్ల 2.5 రెట్లు పెరుగుతుంది. రెండూ గుణిస్తే 1.1. అంటే పైపు సన్నబడినా ఇప్పుడు వస్తున్నదానికంటే కొంచెం ఎక్కువే వస్తుంది. పాత పైపుకు ఆనుకుని కూర్చునే పలచటి లైనర్ వేస్తే లోపల 280 మిగులుతుందనుకోండి, సీ విలువ 145 తీసుకుంటే దాదాపు రెట్టింపు వస్తుంది. ఇది మీ పైపు కొత్తగా ఉన్నప్పటి ప్రవాహంతో పోలిక కాదు, ఇవాళ్టి ప్రవాహంతో పోలిక. కాబట్టి రెండు చివర్ల ప్రెజర్ గేజీలు పెట్టి ప్రవాహం కొలిచి, మీ సొంత సీ విలువ ఎంతో కట్టించండి. అది 60 కాకుండా 100 అని తేలితే ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు 250 పైపుతో నీళ్లు తగ్గుతాయి.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలు. గోడ పలచబడ్డ సీఐ పైపులో ఉక్కు బ్లేళ్ల స్క్రేపర్‌ను బలంగా లాగితే బుడిపెతో పాటు గోడ కూడా ఊడొస్తుంది. ఒకటి రెండు సార్లు తేలిగ్గా లాగి, బయటికి వచ్చిన చెత్త చూడండి. గోధుమరంగు తుప్పు వస్తే సరే. నల్లటి పలకలు రావడం మొదలైతే ఆపేయండి, అది గ్రాఫైట్ గోడ.

లాగేటప్పుడు వించ్ మీద లోడ్ మీటర్ ఉండాలి, దాని రికార్డు మీ చేతికి రావాలి. ఈ 250 పైపు మీటరుకు 10 కిలోల చిల్లర, 140 మీటర్లకు టన్నున్నర. వంపుల్లేకుండా తిన్నగా ఉన్న లైన్లో దాన్ని లాగడానికి టన్ను అటూ ఇటూగా సరిపోతుంది. పైపు తట్టుకునేది 20 డిగ్రీల దగ్గర సుమారు 10 టన్నులు, ఎండలో కాలితే అంతకంటే తక్కువ. పైపు తెగదు కదా అని ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు. ముల్లు 3 టన్నులు చూపిస్తోందంటే లోపల ఏదో పట్టుకుంది. పాత లీకుకు వేసిన బోల్టు మొన లోపలికి పొడుచుకొచ్చి ఉండొచ్చు, సీసం ముద్ద జాయింటులోంచి కిందికి జారి ఉండొచ్చు. పైపు అవతలి చివర బయటపడగానే ముక్కు నుంచి రెండు మీటర్లు గుడ్డతో తుడిచి, గీతలు చూడండి. మూడు నాలుగు సన్నటి గీతలు మామూలే. ఒక్క గీతయినా గోడ మందంలో పదో వంతు దాటితే, ఈ పైపుకు అది ఒకటిన్నర మిల్లీమీటరు, ఆ పైపు పనికిరాదు. డెప్త్ గేజ్ జేబులో ఉంచుకోండి. ఈ గొడవ రాకుండా ఉండాలంటే అసలు లాగడానికి ముందే మూడు మీటర్ల ముక్కను ఒకసారి లాగి చూడాలి. ముక్క బయటికొచ్చాక దాని ఒళ్లు చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ బెండు. హెచ్‌డీపీఈ వంగుతుంది కానీ ఈ 250 పైపుకు కనీసం ఆరు మీటర్ల వ్యాసార్థం కావాలి. సీఐ బెండు వంపు మీటరుకు మించదు. అంటే 45 డిగ్రీల బెండులోంచి ఇది చచ్చినా పోదు. ఎవరైనా మెల్లగా లాగితే పోతుందంటే నమ్మకండి. బెండు రైలు హద్దు బయట, కాలువ గట్టు మీద ఉందనుకోండి, అక్కడ ఒక గుంత తీసి బెండును కోసి తీసేసి, ఆ గుంతలోంచే పైపు లాగి, చివర హెచ్‌డీపీఈ బెండు ఫ్యూజన్ చేస్తారు. మీ పని సులువైపోతుంది. బెండు కాలువ అడుగున ఉందనుకోండి, ఈ పద్ధతి కుదరదు. అప్పుడు రెసిన్ లైనరో, నేసిన పీచుతో చేసిన ప్రెజర్ హోస్ లైనరో మిగులుతాయి. హోస్ లైనర్ 45 డిగ్రీల వరకూ మలుపు తిరుగుతుంది, ప్రెజర్‌ను తనంతట మోస్తుంది. కానీ మట్టి బరువు మోయదు, లైను ఖాళీ అయితే చదునుగా పడిపోయి నీళ్లు వచ్చాక మళ్లీ ఉబ్బుతుంది. కాబట్టి పాత పైపు గోడ మట్టిని ఇంకా మోయగలిగితేనే అది వేసుకోవాలి. చూశారా, మళ్లీ ఆ గోడ ముక్క దగ్గరికే వచ్చాం.

ఈ మధ్య బయటి పైపును పగలగొడుతూ కొత్తది లాగే పద్ధతి కూడా ఎవరైనా చెప్పొచ్చు. 1970ల చివర్లో బ్రిటన్‌లో సీఐ గ్యాస్ పైపుల కోసం వచ్చిందది, నీటి లైన్లకూ బాగా పనికొస్తుంది. పట్టాల కింద మాత్రం నేను వద్దంటాను. పగిలిన ముక్కలు పక్కకు జరిగినంతా నేల పైకి ఉబ్బుతుంది, పట్టాల మట్టం కొన్ని మిల్లీమీటర్లు మారినా రైల్వే వాళ్లు ఒప్పుకోరు.

లైను చివర్ల విషయంలో నేను ఒకసారి దెబ్బ తిన్నాను, మీరు తినకూడదని రాస్తున్నాను. హెచ్‌డీపీఈ డిగ్రీకి మీటరుకు సుమారు 0.18 మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో కాలిన 140 మీటర్ల పైపు నేలలోపల 20 డిగ్రీలు చల్లబడితే అరమీటరు పొట్టిదవుతుంది. దానికి తోడు వించ్ లాగినప్పుడు సాగింది కూడా వెనక్కి వస్తుంది. మేం ఒకచోట సాయంత్రం ఐదింటికి పైపు కోసి, కప్లింగ్ బిగించి, సంతోషంగా వెళ్లిపోయాం. తెల్లారి చూస్తే పైపు చివర కప్లింగ్‌లోంచి జారి, పాత పైపులోపలికి చెయ్యి పట్టేంత దూరం వెళ్లిపోయింది. దాన్ని బయటికి లాగడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ వేల ఇళ్లకు నీళ్లు లేవు. అప్పటినుంచి లాగిన తర్వాత ఇరవై నాలుగు గంటలు వదిలేస్తాను, రెండు పక్కలా మీటరుకు పైగా ఎక్కువ ఉంచుతాను. ఆ తర్వాత కూడా మామూలు కప్లింగ్ వాడను. స్టబ్ ఎండ్ (పైపు చివర అతికే అంచున్న ముక్క), ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే చక్రం) వేసి, దాన్ని కాంక్రీటు యాంకర్‌కు బిగిస్తాను. శీతాకాలంలో నీళ్లు చల్లబడ్డప్పుడు మళ్లీ లాగుతుంది మరి.

పాత పైపుకూ కొత్త పైపుకూ మధ్య చుట్టూ పాతిక మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. రైలు కట్ట కింద దాన్ని ఖాళీగా వదలకూడదు. రేపు సీఐ కూలితే మొనదేలిన ముక్క కొత్త పైపు మీద ఆనుతుంది, ఆ సందు వెంట నీళ్లు పారి కట్ట మట్టిని కోస్తాయి. పలచటి గ్రౌట్‌తో (సిమెంటు జావ) నింపండి, పల్లపు చివర నుంచి మొదలుపెట్టి మెరక చివర గాలి బయటికి పోయే రంధ్రం ఉంచండి. గ్రౌట్ వేసేముందు లోపలి పైపును నీళ్లతో నింపి ప్రెజర్‌లో ఉంచాలి. హెచ్‌డీపీఈ నీళ్లకంటే తేలిక, గ్రౌట్ కంటే ఇంకా తేలిక. ఖాళీగా ఉంటే తేలి పైకి ఆనుకుంటుంది, గ్రౌట్ ప్రెజర్ ఎక్కువైతే నొక్కుకుపోతుంది.

ఎయిర్ వాల్వులు కూడా పట్టించుకోండి. కాలువ అడుగున ఉన్న లైను కాబట్టి స్కవర్ (అడుగున నీళ్లు వదిలే వాల్వు) తెరిచి ఖాళీ చేసినప్పుడు బయట నీటి మట్టం నుంచి ప్రతి పది మీటర్లకు ఒక కేజీ చొప్పున లైనర్ మీద ఒత్తిడి పడుతుంది. ఎయిర్ వాల్వు బిగుసుకుపోయి గాలి లోపలికి రాకపోతే వాక్యూమ్ అదనంగా ఇంకో కేజీ దాకా తోడవుతుంది. పలచటి లైనర్ నలిగేది లైను నిండుగా ఉన్నప్పుడు కాదు, ఇలా ఖాళీ చేసేటప్పుడే. లైనర్ లెక్కలో ఈ పరిస్థితి ఉందో లేదో చూడండి, రెండు చివర్లా కొత్త ఎయిర్ వాల్వులు పెట్టించండి.

పరీక్ష చేసేటప్పుడు హెచ్‌డీపీఈ ప్రెజర్ కింద మెల్లగా సాగుతుందని గుర్తుంచుకోండి. గేజీ కొద్దికొద్దిగా పడిపోతే వెంటనే లీకని కంగారుపడొద్దు. ప్రెజర్ ఎక్కించి కాసేపు ఉంచి, కొంచెం నీరు వదిలి ప్రెజర్ ఒక్కసారిగా తగ్గించి చూడాలి. పైపు ముడుచుకోవడం వల్ల గేజీ కాస్త పెరిగి నిలబడితే లైను బాగున్నట్టు. పెరిగి మళ్లీ పడితే ఎక్కడో కారుతోంది. ఆ తర్వాత క్రిమిసంహారం. అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ వారి సీ651 ప్రమాణం ప్రకారం లీటరుకు 25 మిల్లీగ్రాముల క్లోరిన్ నీళ్లు నింపి 24 గంటలు ఉంచాక కనీసం 10 మిగలాలి. అప్పుడు కడిగి, శాంపిల్ బాగుందని రిపోర్టు వచ్చాకే వాల్వు తెరవాలి. మీకు ఆ లైన్లో రైలు కట్ట కింద ఇంటి కనెక్షన్లు ఉండవు కాబట్టి, లైనర్ వేశాక కనెక్షన్లు మళ్లీ తెరిచే, మిగతావాళ్లను ఏడిపించే ఆ తలనొప్పి మీకు తప్పింది. పని జరిగినన్ని రోజులూ నీళ్లు అందించే తాత్కాలిక లైను మాత్రం ముందే ఏర్పాటు చేసుకోండి.

ఇంకొక్క సంగతి, ఇది తేలితే పైన రాసిందంతా పక్కన పెట్టినా పెట్టొచ్చు. పట్టాల కింద వేసిన పైపులకు చాలాసార్లు బయట ఒక పెద్ద కేసింగ్ పైపు ఉంటుంది. పాత డ్రాయింగుల్లో కనిపించకపోయినా, కట్టకు రెండు పక్కలా పైపు చుట్టూ కొద్దిగా తవ్వి చూస్తే తెలిసిపోతుంది. కేసింగ్ ఉండి, లోపల ఖాళీ ఉంటే సీఐ పైపును ముక్కలుగా బయటికి లాగేసి, అదే దారిలో పూర్తి వ్యాసంతో కొత్త పైపు పెట్టొచ్చు. అప్పుడు లైనర్ అవసరం కాలువ భాగానికే మిగులుతుంది.

కేసింగ్ ఉందో లేదో, బెండు కట్ట హద్దు నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో, కోసిన ముక్కలో గట్టి ఇనుము ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో చూసి ఇక్కడ రాయండి. ఆ మూడు సంగతులూ చూశాక ఏది వేయాలో సూటిగా చెబుతాను.